తాతారావు భూసమీపనం

ఎర్రకాలువపేట మునిసిపాలిటీలో తొంభై తొమ్మిది రోజులపాటు ఒక్క రోడ్డు ప్రమాదం కూడా జరగలేదు. జరగకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అందుకని జరగలేదు.

ఉత్తర్వు అందిన రోజునే కమిషనర్ పరబ్రహ్మం గారు ప్రమాద నిర్వచన సంఘం అని ఒకటి వేశారు. దానికి ఆయన అధ్యక్షులు, ట్రాఫిక్ ఎస్సై కుటుంబరావు కార్యదర్శి. ప్రమాదాలను ఆపాలంటే నాలుగు శాఖలు కష్టపడాలి, నిర్వచించడానికైతే నాలుగు కుర్చీలు చాలు అన్న సంగతి ఆయన మొదటి సమావేశంలోనే గ్రహించారు. పన్నెండో రోజున ఒక ఆటో కాలువలో పడితే, చివరికి అది ఆగింది నీళ్ళలోనే కాబట్టి నీటిపారుదల శాఖ వ్యవహారమని తేల్చారు. ముప్ఫయ్యో రోజున లారీ ఒకటి గేదెను గుద్దితే పశుసంవర్ధక శాఖకు రాసి పంపారు. మార్కెట్టు మలుపులో రెండు సైకిళ్ళు ఢీకొన్నప్పుడు కాస్త చర్చ జరిగింది గాని, తొక్కేవాళ్ళిద్దరూ బావామరుదులని తెలిశాక అది కుటుంబ విషయంగా నమోదయింది.

గడియార స్తంభం సెంటర్లో పెద్ద రేకు బోర్డు కట్టి, దాని మీద ‘ప్రమాదం లేని రోజులు’ అని రాయించారు. ఆ కింద రోజూ పొద్దున్నే పాత అంకె చెరిపి కొత్త అంకె వేసే పని యాళ్ల తాతారావుది. తాతారావు ఇరవై ఆరేళ్ళుగా మునిసిపల్ పెయింటరు. ఊళ్ళో ‘ఇచ్చట చెత్త వేయరాదు’ దగ్గర్నుంచి ‘ఈ కుళాయి నీరు త్రాగుటకు పనికిరాదు’ వరకు అన్నీ అతని చేతి రాతే. ఆ బోర్డుల కిందే చెత్త వేసేవాళ్ళు కూడా అక్షరాలు ముచ్చటగా ఉంటాయని ఒప్పుకునేవారు. అతని భార్య నూకరత్నం బాలికల హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్లలు పెళ్ళిళ్ళయి కాకినాడలో ఒకరు, తణుకులో ఒకరు ఉన్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే. పెద్దగా గొడవలు లేవు, పెద్దగా కబుర్లూ లేవు.

వందో రోజు వచ్చింది. ఆ రోజు పదకొండు గంటలకు మంత్రిగారు వచ్చి పట్టణానికి ‘సురక్షిత శిరోమణి’ బిరుదు ఇస్తారు. వంద అంకెను మామూలు నల్లరంగుతో కాక కుంకుమ ఎరుపుతో వేయాలని కమిషనర్ గారు ముందురోజే చెప్పారు. తాతారావు ఆరున్నరకల్లా ఎర్ర రంగు డబ్బాను మోటార్ సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని, కుంచెలు జేబులో పెట్టుకుని బయలుదేరాడు. డబ్బా మూత వదులు. అందుకని రంగు తొణక్కుండా మెల్లగా పోతున్నాడు. ఎంత మెల్లగా అంటే, పొద్దుటి నడకకు వచ్చిన రిటైర్డు తహసీల్దారు గారు అతన్ని దాటిపోతూ, పిల్లలు కులాసాయేనా అని అడిగి, జవాబు మొత్తం విని, ఆ తర్వాతే ముందుకెళ్ళారు.

మంత్రిగారికి దుమ్ము లేవకూడదని అప్పుడే ట్యాంకరుతో రోడ్డంతా తడిపి వెళ్ళారు. సెంటర్లో షామియానా వాళ్ళు తాళ్ళు కడుతున్నారు. ఒక తాడు రోడ్డుకు అడ్డంగా, మెడ ఎత్తులో ఉంది. తాతారావు చూశాడు. చూసి బ్రేకు నొక్కాడు. ముందు చక్రం తడి బురదలో పక్కకు జారింది. బండి, ఏ తొందరా లేకుండా, గేదె పడుకున్నట్టు పడుకుంది. తాతారావు కుడిచెయ్యి నేలకు ఆనించాడు. మణికట్టు దగ్గర ఏదో పుటుక్కుమంది. రంగు డబ్బా ఎగిరిపడి, నాలుగు లీటర్ల ఎరుపూ రోడ్డు మీద, అతని చొక్కా మీద, ముఖం మీద పరుచుకుంది.

జాంకాయల బండి దగ్గరున్న అప్పాయమ్మ అది చూసి, మనిషి రెండు ముక్కలైపోయాడనుకుని కూలబడిపోయింది. రెండు నిమిషాల్లో యాభై మంది పోగయ్యారు. బందోబస్తుకు వచ్చిన ఎస్సై కుటుంబరావు జనాన్ని తోసుకుని వచ్చి, ఆ ఎరుపు చూసి, టోపీ తీశాడు. తాతారావు కళ్ళు తెరిచాక మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఏమైంది?”

“బండి జారి పడిపోయానండి. చెయ్యి విరిగినట్టుందండి.”

“పడ్డావని నువ్వెలా చెప్తావ్? అది సంఘం చెప్పాలి,” అన్నాడు ఎస్సై. “అప్పటిదాకా లేవకు.”

తాతారావు పోనీ కూర్చోవచ్చా అని అడిగాడు. ఎస్సై కాసేపు ఆలోచించి, కూర్చోవడమంటే పడి ఉండటమూ కాదు, నిలబడి ఉండటమూ కాదు కాబట్టి అభ్యంతరం లేదన్నాడు. తాతారావు విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎర్ర మడుగులో కూర్చున్నాడు.

కమిషనర్ గారు చెవి వెనక సబ్బు నురగతోనే పరుగున వచ్చారు. షామియానా వాళ్ళ కుర్చీలు నాలుగు తెప్పించి, తాతారావు చుట్టూ వేయించి, అక్కడికక్కడే సంఘం అత్యవసర సమావేశం పెట్టారు. ముందుగా బండి వేగం ఎంతో తేల్చాలన్నారు. రెండో చుట్టు నడకలో అటే వచ్చిన తహసీల్దారు గారిని ఆపి అడిగితే, తాను అతన్ని దాటి వెళ్ళిన మాట నిజమేనని ఆయన సాక్ష్యం చెప్పారు. కమిషనర్ గారి ముఖం వెలిగింది. నడిచే మనిషి కంటే తక్కువ వేగంతో పోయేదాన్ని చట్టం దృష్టిలో వాహనమని ఎలా అంటామని ప్రశ్నించారు. అనలేమని ఎస్సై ఒప్పుకున్నాడు. ఆ సమయానికి అది వాహనం కాదు, సామాను. తాతారావు వాహనదారుడు కాదు, సామాను మోసుకుపోతున్న పాదచారి. ఇక మిగిలింది పడటం ఒక్కటే. ఆ మాటకు ప్రత్యామ్నాయం కోసం సంఘం పావుగంట తర్జనభర్జన పడింది. చివరికి కమిషనర్ గారే కళ్ళు మూసుకుని, గుమాస్తాకు నెమ్మదిగా చెప్పి రాయించారు.

“పురపాలక సంఘ ఉద్యోగి శ్రీ యాళ్ల తాతారావు, విధి నిర్వహణలో భాగంగా, సామాను సమేతంగా, స్వల్ప వేగంతో, భూమిని సమీపించడమైనది. ఇట్టి భూసమీపనం ప్రమాద నిర్వచన పరిధిలోనికి రాదు.”

తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. బండిని లేపితే అది పడినట్టు ఒప్పుకున్నట్టవుతుందని, పడుకున్నచోటే వదిలేసి, చుట్టూ రిబ్బను కట్టి, ‘వాహన విశ్రాంతి: అవగాహన ప్రదర్శన’ అని అట్ట తగిలించారు. మహిళా సంఘాలవాళ్ళను పిలిపించి ఆ ఎరుపు చుట్టూ ముగ్గు వేయించారు. మంత్రిగారు కారు దిగి మొట్టమొదట మెచ్చుకున్నది ఆ ముగ్గునే అని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

బోర్డు మీద అంకె మాత్రం ఇంకా తొంభై తొమ్మిది దగ్గరే ఉంది. కానిస్టేబులు చేత వేయిద్దామని ఎస్సై అన్నప్పుడు, అప్పటిదాకా పళ్ళు బిగబట్టుకుని కూర్చున్న తాతారావుకు పౌరుషం వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఆ ఊళ్ళో సర్కారు బోర్డు మీద వేరే చెయ్యి పడలేదు. డబ్బా అడుగున మిగిలిన రంగుతో, కుడిచెయ్యి గుండెకు ఆనించుకుని, ఎడమచేత్తో నిచ్చెన ఎక్కి వంద వేశాడు. ఒకటి ఫరవాలేదు. సున్నాలు రెండూ దెబ్బ తగిలిన జాంకాయల్లా వచ్చాయి. కిందికి దిగి వాటిని చూసుకుంటే, చేతి నొప్పి కంటే అదే ఎక్కువ బాధ అనిపించింది.

కబురు తెలిసి నూకరత్నం వచ్చింది. ఆమె మొగుణ్ణి ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, ఎర్ర రంగును వేలితో గీకి, వాసన చూసి, రంగేనని నిర్ధారించుకుని, అప్పుడు ఏడ్చింది. తర్వాత ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు హైమవతి చిన్న వయసు పిల్ల. ఎక్స్‌రే చూసి ఎముక విరిగిందని, వెంటనే సరిచేసి సిమెంటు కట్టు వేయకపోతే వంకరగా అతుక్కుంటుందని చెప్పింది. ఈయన ఏం పని చేస్తారని అడిగింది. బొమ్మలూ అక్షరాలూ వేస్తాడని నూకరత్నం చెప్పగానే, అయితే అసలు ఆలస్యం చేయకూడదంది. కాకపోతే కట్టు సామాను స్టోరులోంచి బయటికి రావాలంటే కంప్యూటరు ఒక నంబరు ఇవ్వాలి. కంప్యూటరు నంబరు ఇవ్వాలంటే దెబ్బ ఎలా తగిలిందో చెప్పాలి.

ఆసుపత్రి గుమాస్తా కంప్యూటరు ముందు కూర్చుని జాబితా తెరిచాడు. అందులో రోడ్డు ప్రమాదం అన్న గడి లేదు. పట్టణంలో రోడ్డు ప్రమాదాలు ఆగిపోయాయి కాబట్టి వంద రోజుల కిందటే దాన్ని తీసేశారు. భూసమీపనం అన్నది ఇంకా చేరలేదు. ఉన్నవాటిలో ఏదో ఒకటి ఎంచుకోమని గుమాస్తా మర్యాదగానే అడిగాడు.

స్నానాల గదిలో జారిపడటం అని ఒకటుంది. తాతారావు సరే అనబోయాడు. కాని అది పెడితే పారిశుధ్య విభాగం వాళ్ళు ఊరుకోరని గుమాస్తా హెచ్చరించాడు. వాళ్ళు ‘జారని గచ్చు’ ఉద్యమంలో అరవయ్యో రోజులో ఉన్నారు. కొబ్బరిచెట్టు మీంచి పడటం అని ఇంకొకటుంది. దానికి ఉద్యానవన శాఖ వాళ్ళ లక్ష్యం అడ్డం వచ్చింది. పశువు పొడవడం పెడదామంటే పశువు కూడా వచ్చి నిలబడాలి. కుక్క కరిచిందంటే దానికి ఇంజెక్షన్లు ఇస్తారు గాని సిమెంటు కట్టు ఇవ్వరు. డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి ఎముకను చూస్తోంది, గోడ గడియారాన్ని చూస్తోంది. తాతారావు చెయ్యి అప్పటికే బూరెలా పొంగింది.

“ఇక ఒక్కటే ఉందమ్మా,” అన్నాడు గుమాస్తా, కాస్త సిగ్గుపడుతూ. “భార్యాభర్తల ఘర్షణ.”

నూకరత్నం క్షణం కూడా ఆలోచించలేదు.

“అయితే నేనే కొట్టానని రాసెయ్యి నాయనా. నాకేం టార్గెట్లు లేవు.”

తాతారావు వద్దని వారించబోయాడు. ఆమె అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. దేంతో కొట్టారని గుమాస్తా అడిగాడు, అదీ నింపాల్సిన గడే. నూకరత్నం ఇంటిని ఒకసారి మనసులో తలుచుకుని, అట్లకాడతో అంది. గుమాస్తా ‘గృహోపకరణం’ అన్నది నొక్కాడు. నంబరు వచ్చింది. మరో పది నిమిషాల్లో డాక్టరమ్మ ఎముక సరిచేసి కట్టు వేసింది. ఆరు వారాలు కదపకూడదని చెప్పి, కట్టు పూర్తయ్యాక నూకరత్నం భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం పట్టణానికి బిరుదు వచ్చింది. కమిషనర్ గారికి శాలువా వచ్చింది. మర్నాటి నుంచి బోర్డు మీద అంకె వేయడానికి రేకు అంకెలు తెప్పించారు.

నాలుగో రోజున మహిళా సంక్షేమ విభాగం ప్రాజెక్టు ఆఫీసరు సుభాషిణి గారు జీపులో వచ్చారు. ఆవిడ గారు ‘కలహరహిత కుటుంబాల పట్టణం’ అన్న కార్యక్రమం నడుపుతున్నారు. ఎనభై ఎనిమిది రోజులుగా ఎర్రకాలువపేటలో ఏ దంపతులూ పోట్లాడుకోలేదు. ఆ రికార్డును ఒక్క అట్లకాడ పాడుచేసిందని చెబుతున్నప్పుడు ఆవిడ కంఠం నిజంగానే వణికింది. ఆయుధాన్ని స్వాధీనం చేయమన్నారు. నూకరత్నం వంటింట్లోంచి దాన్ని తెచ్చి ఇచ్చింది. ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి, చీటీ కట్టి, రసీదు ఇచ్చి, ఇద్దరూ ప్రతి మంగళవారం దాంపత్య సామరస్య శిబిరానికి రావాలని చెప్పి వెళ్ళారు.

మొదట్లో అది వేళాకోళంగానే ఉండేది. శిబిరంలో ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరిలో ఒకరికి నచ్చిన మూడు గుణాలు చెప్పమనేవారు. తాతారావు, పప్పుచారు బాగా కాస్తుంది అని ఒకటి చెప్పి, మిగతా రెండింటి కోసం వెతుక్కుంటూ పైకప్పు చూసేవాడు. నూకరత్నం, పని మీద శ్రద్ధ అని చెప్పి నవ్వు ఆపుకునేది. టీ, బిస్కెట్లు ఇచ్చేవారు. ఇంటికి నడిచి వస్తూ ఆ రెండు గుణాల గురించి దెప్పుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళలో వాళ్ళిద్దరూ ఒకచోట గంటసేపు కూర్చున్నది అక్కడే.

మూడో వారంలో బడి నుంచి నోటీసు వచ్చింది. హింసాత్మక స్వభావం గల వ్యక్తిగా నమోదైన నూకరత్నం చేతికి గరిటె, కత్తిపీట మొదలగునవి అప్పగించుట బాలికల భద్రతకు ఏ మేరకు శ్రేయస్కరమో విచారణలో తేలేవరకు, ఆమె వంటశాలలోనికి ప్రవేశించరాదు. నూకరత్నం ఐదో తరగతి దాకా చదువుకుంది. కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది. అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

“ఇవాళ ఆకుకూర పప్పు రోజయ్యా,” అంది. “తొమ్మిదో క్లాసు పిల్లలు రెండోసారి వేయించుకుంటారు.”

ఆ పూట అన్నం తినలేదు. తాతారావు కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. తను పడ్డాడు. ఊరు పడలేదంది. ఆ పడ్డ బరువంతా ఇప్పుడు ఈవిడ మీదికి వచ్చి కూర్చుంది. అతనికి జీవితంలో మొదటిసారి ఒక అధికారి దగ్గరికి పిలవకుండా వెళ్ళాలనిపించింది.

కమిషనర్ గారు అతని మాట ఓపిగ్గా విన్నారు. నువ్వు పడ్డావంటే నువ్వొక్కడివే పడవు తాతారావూ, శిరోమణి పడుతుంది, మంత్రిగారి మాట పడుతుంది, ఒక్క మనిషి కోసం ఇంతమందిని పడేయడం ధర్మమా అని అడిగారు. పైగా జరగనిదాన్ని జరిగిందనడం అబద్ధం కిందికి వస్తుందని గుర్తుచేశారు. తాతారావు దణ్ణం పెట్టి బయటికి వచ్చి, తిన్నగా సుభాషిణి గారి దగ్గరికి వెళ్ళాడు.

“ఆవిడ నన్నెప్పుడూ కొట్టలేదండి. నేనే బండి మీంచి పడ్డానండి,” అన్నాడు.

సుభాషిణి గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రానికల్లా ఆవిడ సిబ్బంది గడియార స్తంభం సెంటర్లో రోడ్డు గీకి ఎర్ర రంగు నమూనాలు తీశారు. అప్పాయమ్మ వాంగ్మూలం తీసుకున్నారు. మనిషి రెండు ముక్కలవడం కళ్ళారా చూశానని ఆమె చెప్పింది. రెండు ముక్కలు అన్నది తీసేసి మిగతాది రాసుకున్నారు.

ఈ సంగతి తెలిసి కమిషనర్ గారు కూడా ఊరుకోలేదు. తాతారావు వీధిలోకి మునిసిపల్ సిబ్బందిని పంపి, దంపతుల గొడవలు విన్నవాళ్ళెవరైనా ఉన్నారేమో వాకబు చేయించారు. ఎవరూ దొరకలేదు. వీధి కుళాయి సాయంత్రం కూడా వదులుతామని చెప్పాక పదకొండు మంది దొరికారు. వాళ్ళలో ఒకాయన, చాలా ఏళ్ళ కిందట సాంబారులో ఉప్పు గురించి ఆ ఇంట్లో గట్టిగా మాటలు వినిపించాయని గుర్తు చేసుకున్నాడు. అది రేడియో కూడా అయి ఉండొచ్చని అతను అన్న మాట రికార్డుకు ఎక్కలేదు.

ఒక ఫైలు అతను పడ్డాడని, ఇంకో ఫైలు ఆమె కొట్టిందని, రెండూ పక్కపక్కనే లావెక్కాయి. ఫలానా తేదీన తాతారావును కొట్టారని చెప్పేవాళ్ళు, పడ్డాడని చెప్పేవాళ్ళు అతని ఇంటి ముందు ఎదురుపడి నమస్కారాలు చేసుకునేవారు. నూకరత్నం ఇద్దరికీ మంచినీళ్ళు ఇచ్చేది. చివరికి రెండు ఫైళ్ళూ ఆర్డీవో గారి దగ్గరికి చేరాయి. విచారణ కట్టు వేసిన నలభై రెండో రోజున పెట్టారు.

ఆర్డీవో గారు తర్కశాస్త్రం చదువుకున్న మనిషి. ఒక పక్క కమిషనర్ గారిని, ఎస్సైని, ఇంకో పక్క సుభాషిణి గారిని కూర్చోబెట్టి, మధ్యలో దంపతుల్ని నిలబెట్టి, రెండు ఫైళ్ళూ చదివారు. చాలాసేపు చదివారు. చదివి కళ్ళజోడు తీశారు.

“పడలేదని ఒక శాఖ తిరుగులేకుండా నిరూపించింది. కొట్టలేదని ఇంకో శాఖ తిరుగులేకుండా నిరూపించింది. రెండింటినీ నేను అభినందిస్తున్నాను,” అన్నారు. “కాబట్టి చెయ్యి విరగడానికి కారణమంటూ ఏదీ లేదు. కారణం లేని కార్యం శాస్త్రంలో లేదు. అందుచేత ఈ చెయ్యి విరగలేదు.”

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. డాక్టరు హైమవతి లేచి ఎక్స్‌రే చూపించింది. ఆర్డీవో గారు దాన్ని కిటికీ వైపు ఎత్తి పరిశీలించారు. ముందు ఆ కట్టు తీయమన్నారు. ఆరు వారాలు ఎటూ ఆ రోజుతో నిండాయి కాబట్టి డాక్టరమ్మకు అభ్యంతరం లేకపోయింది. అక్కడే బల్ల మీద కట్టు కోసి తీసింది. లోపల్నుంచి సన్నబడి, తెల్లబడి, పొట్టు రేగిన చెయ్యి బయటికి వచ్చింది. వేళ్ళు ఆడించమన్నారు. తాతారావు ఆడించాడు. ఎముక చక్కగా అతుక్కుంది.

ఆర్డీవో గారు చేతినీ ఎక్స్‌రేనూ మార్చి మార్చి చూశారు. ఈ ఫోటో ఈ చేతితో సరిపోవడం లేదని, ఇది పొరపాటున వేరే ఫైలులోంచి వచ్చి ఉంటుందని రాసి సంతకం పెట్టారు. కమిషనర్ గారు, సుభాషిణి గారు ఒకరికొకరు అభినందనలు చెప్పుకున్నారు. రోడ్డు మీద ఏమీ జరగలేదు. ఇంట్లో ఏమీ జరగలేదు. కొట్టనేలేదు కాబట్టి అట్లకాడ తిరిగి వచ్చింది. మర్నాడు నూకరత్నం వంటశాల తలుపు తీసింది. ఆ రోజు తొమ్మిదో తరగతి వాళ్ళు మూడోసారి కూడా వేయించుకున్నారని సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పింది. చెబుతూ చెబుతూ మొగుడి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని కొబ్బరినూనె రాసింది.

తాతారావు కూడా ఆ పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. సీట్లో కూర్చోకముందే బంట్రోతు ఒక మెమో తెచ్చి ఇచ్చాడు. చేతికి ఏమీ కాలేదని విచారణలో తేలినందున, నలభై రెండు రోజులపాటు ఏ కారణమూ లేకుండా విధులకు గైర్హాజరైనందుకు అతని మీద చర్య ఎందుకు తీసుకోకూడదో వెంటనే సంజాయిషీ ఇవ్వాలి.

తాతారావు మెమో పట్టుకుని కమిషనర్ గారి గదిలోకి వెళ్ళాడు. కమిషనర్ గారు తల ఎత్తకుండానే, సంజాయిషీ రాతపూర్వకంగా ఉండాలన్నారు. చెయ్యి ఇంకా సరిగ్గా తిరగడం లేదండి, నోటితో చెప్పుకుంటానన్నాడు తాతారావు. చెయ్యి గురించి మాట్లాడకూడదని, అది ముగిసిన అధ్యాయమని కమిషనర్ గారు అన్నారు. మరి ఆ నలభై రెండు రోజులూ ఏం చేశావో చెప్పమన్నారు.

తాతారావు ఈ ప్రశ్న కోసం ఏమీ సిద్ధం కాలేదు. ఇరవై ఆరేళ్ళు ఆఫీసువాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసినవాడు. సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయలేదు. అయినా ఆరు వారాలుగా చెవుల నిండా వింటున్న భాష అదే కాబట్టి, జవాబు దానంతట అదే వచ్చింది.

“ఆ రోజులు జరగలేదండి,” అన్నాడు.

కమిషనర్ గారు తల ఎత్తారు.

తాతారావు వినయంగానే వివరించాడు. తను పడలేదు. ఆవిడ కొట్టలేదు. చెయ్యి విరగలేదు. విరగని చేతికి కట్టు ఉండదు, కట్టు లేనప్పుడు ఇంట్లో కూర్చోవడం ఉండదు. మరి తను ఇంట్లోనూ లేడు, ఆఫీసులోనూ లేడు. అలాంటి రోజులు క్యాలెండరులో ఉన్నాయంటే ఆర్డీవో గారి తీర్పు తప్పని అన్నట్టవుతుంది. అంత మాట అనడానికి తను చాలా చిన్నవాడు. బయట బోర్డు మీద మాత్రం నూట నలభై మూడని ఉంది, అందులో నలభై రెండు జరగనివే. అయ్యగారు అనుమతిస్తే ఇప్పుడే నిచ్చెన తీసుకెళ్ళి నూట ఒకటి చేసి వస్తాడు. నూట యాభయ్యో రోజుకు ముఖ్యమంత్రిగారిని పిలిచినట్టు విన్నాడు. ఆ కార్డులు మళ్ళీ అచ్చు వేయించాలేమో అయ్యగారు చూసుకోవాలి.

కమిషనర్ గారు తాతారావు ముఖంలోకి చాలాసేపు చూశారు. అందులో వెటకారం ఎక్కడైనా ఉందేమోనని వెతికారు. ఆ ముఖం మీద, ఇరవై ఆరేళ్ళుగా ‘అలాగేనండి’ అన్న మాట ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. ఆయన చెయ్యి చాపి మెమో వెనక్కి తీసుకున్నారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. సెలవు పత్రం ఒకటి తెప్పించి, నలభై రెండు రోజులు మంజూరు అని రాశారు. కారణం అన్న గడి దగ్గర కలం ఆగింది. అనారోగ్యమంటే ఆరోగ్య శాఖ ఉంది. కుటుంబ కారణాలంటే సుభాషిణి గారు ఉన్నారు. తీర్థయాత్ర అంటే బస్సులో వెళ్ళారా అని రవాణా శాఖ అడుగుతుంది. చివరికి ఆ గడిలో ‘లేదు’ అని రాసి, సంతకం పెట్టి, కాగితం అతని వైపు జరిపారు.

తాతారావు దాన్ని ఎడమచేత్తో అందుకుని, కుడిచెయ్యి కలిపి దణ్ణం పెట్టబోయాడు. అరచెయ్యి పూర్తిగా తిరగలేదు. దణ్ణం సగంలోనే ఆగింది. కమిషనర్ గారు అది చూశారు. అధికారి అయినా ఆయనా మనిషే. అతను తలుపు దాకా వెళ్ళాక, గొంతు కాస్త తగ్గించి, ఆ ఆరు వారాల్లో ఒక్కసారి కూడా అడగని మాట అడిగారు.

“చెయ్యి ఎలా ఉందయ్యా తాతారావు?”

తాతారావు గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగాడు.

“ఏ చెయ్యండి?” అన్నాడు.